నల్గొండ పక్క, మూడో పలక

జూలై 28, సోమవారం

ఇది ఆయన డైరీ. ఏటా సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు పంచిపెట్టేది. ఏప్రిల్ పంతొమ్మిది దాకా ఆయన రాత, రోజుకో లైను. "స్టీమరు తుడిచాను." "తాళ్లు చూశాను." "నీళ్లు 519." ఇరవయ్యో తారీకు నుంచి తెల్ల కాగితాలు. వాటిని చూస్తూ మూడు నెలలు కూర్చున్నాను. ఇవాళ పెన్ను పట్టాను.

మాచర్లలో టెంత్ దాకా తెలుగు మీడియం చదివాను కాబట్టి తెలుగే రాస్తాను. ఆపాకి తెలుగు చదవడం రాదు, అదీ మంచిదే. ఆపా అంటే ఆయన అక్క. నా ఇద్దత్‌కి కాపలా కాయడానికి మాచర్ల నుంచి మూటాముల్లెతో వచ్చింది. మొగుడు పోయినదాన్ని నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. వంద రోజులు దాటాయి, ఇంకా ఇరవై తొమ్మిది ఉన్నాయి. ఈ రైట్ బ్యాంకు కాలనీ క్వార్టర్‌లో ఏ గోడకి ఎన్ని పగుళ్లున్నాయో ఇప్పుడు నాకు కంఠతా వచ్చు.

ఇవాళ సాగర్ ప్రాజెక్టు ఆఫీసు నుంచి ఇంజనీరమ్మ దేవిక వచ్చింది. ఆడపిల్ల కాబట్టి లోపలికి రానిచ్చాం. నరసరావుపేట పిల్ల, మా అమ్మాయి జాహెదా కంటే ఒకటి రెండేళ్లు పెద్దదేమో. చాప మీద కూర్చుని టీ తాగింది.

"ఆంటీ, చంద్రవంక స్టీమరుని పాత రేవు నుంచి కొత్త జెట్టీకి మారుస్తున్నాం. జనం ఎక్కి చూసేటట్టు చేస్తాం. అంకుల్ లేరు, దాని ఒంటి సంగతి చెప్పేవాళ్లు మాకెవరూ లేరు. అడుగు పలకల గురించి మీతో ఏమన్నా అనేవారా?"

"ఏమీ అనేవాడు కాదమ్మా. ఇంట్లో పడవ మాటే ఎత్తడు," అన్నాను.

ముప్పై రెండేళ్ల కాపురంలో ఆయన ఎత్తిన మాట పడవ ఒక్కటే. ఆనకట్ట కట్టే రోజుల్లో కూలీలనీ రాళ్లనీ మోసిన ఆవిరి పడవ అది. బాయిలరు చల్లారి పదేళ్లయ్యాక కూడా "నా స్టీమరు, నా స్టీమరు" అని తిరిగేవాడు. ఏడాదికోసారి రంగు వేసేవాడు. నాకు చీర కొనడం మర్చిపోయిన పండగలున్నాయి గానీ, దానికి రంగు వేయని ఏడాది లేదు.

మరి ఆ పిల్లతో అలా ఎందుకన్నానో తెలియదు.

జూలై 29

ఇద్దత్‌లో ఉన్నదాన్ని పట్టుకుని పడవ సంగతులు అడగడమే తప్పు. అందుకే అలా అన్నాను.

ఆగస్టు 1, శుక్రవారం

అయాజ్ ఎగురుకుంటూ వచ్చాడు. మా అల్లుడు టూరిస్టు లాంచీ నడుపుతాడు. ఫోనులో బొమ్మ చూపించాడు. ఇత్తడి పలక, దాని మీద అక్షరాలు: "నలభై ఏళ్లు ఈ స్టీమరును కంటికి రెప్పలా కాపాడిన మెకానిక్ అబ్దుల్ మజీద్."

"కొత్త జెట్టీ మొగదల్లోనే పెడతారంట అమ్మీ. వచ్చేపోయేవాళ్లంతా మామ పేరు చదివి లోపలికెళ్తారు."

ఆపా కళ్లొత్తుకుంది. బతికుండగా ఆయనకి కొత్త కుర్చీ ఇవ్వమంటే ఇవ్వలేదు ఆ ఆఫీసు. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా! అయినా సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు, చాలా సంతోషం వేసింది. జాహెదా ఆ బొమ్మ తన ఫోనులో కూడా వేయించుకుంది.

అప్పుడు అయాజ్ ఇంకో మాట చెప్పాడు. లాంచీతో కట్టి లాక్కుపోయేటప్పుడు చంద్రవంక చుక్కాని దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి. తనే నిలబడతాడట. మామ పడవ కదా, అడిగి మరీ ఒప్పించుకున్నాడట. తనతో పాటు ఇంకో ముగ్గురు ఎక్కుతారు. మధ్యలో నీళ్లు ఎంత లోతని అడిగాను.

"లోతుకేముందిలే అమ్మీ, సాగర్ నిండింది గదా," అన్నాడు.

అన్నం సయించలేదు.

ఆగస్టు 2

పెట్టె తెరిచాను. ఆయన డైరీలన్నీ ఉన్నాయి, ఏడాదికొకటి. నాకు కావలసింది 2006.

జూన్ 11. "నల్గొండ పక్క, వెనక నుంచి మూడో పలక. అరచెయ్యంత బొక్క. లోపల నుంచి సిమెంటు వేశాను, పైన తారు పూశాను."

రేవులో ఎవరూ కుడి ఎడమ అనరు. ఒడ్డు మనది కాబట్టి ఒడ్డు వైపుది మాచర్ల పక్క, నీళ్ల వైపుది నల్గొండ పక్క. ఆయన భోజనాల బల్ల దగ్గర కూడా "ఆ నల్గొండ పక్క గిన్నె ఇట్టా జరుపు" అనేవాడు.

కింద ఇంకో లైను ఉంది. చెమ్మకి ఇంకు చెదిరిపోయింది.

ఆగస్టు 3, ఆదివారం

అయితే నాకు కల రాలేదన్నమాట. నిజంగానే జరిగింది.

ఆ రోజు మోచేతుల దాకా సిమెంటుతో వచ్చాడు. ఆయన కుడిచేతి చూపుడువేలు సగమే ఉండేది, మిగతా సగం తొంభై ఎనిమిదిలో తాళ్లు చుట్టే మరలో పోయింది. ఆ సగం వేలికి కూడా సిమెంటు. చొక్కా రెండుసార్లు ఉతికినా బూడిద రంగు పోలేదు. "ఈ వానాకాలం ఆగితే చాలు, కొత్త పలక అడుగుతా," అన్నాడు. పలక రాలేదు. ఏటా ఆఫీసు నుంచి కాగితం మాత్రం వచ్చేది. "అడుగు పలకల స్థితి" అని ఒక గడి. ఆ గడిలో ఏటా "బాగుంది" అని రాసి సంతకం పెట్టాడు. పంతొమ్మిది సంతకాలు.

ఎందుకు పెట్టాడో నాకేం తెలుసు? సంతకం ఆయనది. నాది కాదు.

ఆగస్టు 5

గజఈతగాడు పడవ కింద మునిగి చూశాడట. వరద నీళ్లు టీ రంగులో ఉన్నాయి, ఏం కనపడుతుంది? "ఓకే" అన్నాడట. లోపల నుంచి కూడా చూశారట. అంతా తారు, ఎర్ర రంగు, నున్నగా ఉందట. ఆయన పూసిన పూత అలాంటిది మరి.

ఓకే అన్నారు కదా. ఓకే అన్నాక నేనెవరిని?

ఆగస్టు 6, బుధవారం

అయాజ్ అన్నం తింటుంటే మామూలుగా అడిగినట్టు అడిగాను. "కట్టేసి ఉన్న పడవకీ కదిలే పడవకీ తేడా ఏముంటదిరా?"

"ఏందమ్మీ, నువ్వు గూడా సరంగు పనికొస్తావా?" అని నవ్వాడు. "చానా తేడా. కట్టేసినప్పుడు నిద్రపోతున్నట్టు. లాగేటప్పుడు ఒళ్లంతా అదురుద్ది. పలకలు ఊగుతయ్. ఏదన్నా వదులుంటే అప్పుడే బయటపడుద్ది."

"బయటపడితే?"

"పంపు పెట్టి తోడతాం. ఎందుకు?"

"ఏం లేదు. కూర ఇంకొంచెం వేసుకో."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నా పని. వాడికి ముప్పై ఏళ్లు. ఈత బాగా వచ్చు. కానీ ఇనుప పడవ మునిగేటప్పుడు పక్కనున్నవాళ్లని కూడా లోపలికి గుంజుకుంటుందని ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు. చెప్పాడా? చెప్పాడనే గుర్తు.

ఆగస్టు 7

పంతొమ్మిదేళ్లు ఆగింది. ఇంకో గంట ఆగదా.

ఆగస్టు 8

ఆగదేమో.

నమాజులో లెక్క తప్పాను, రెండుసార్లు. ఆపా చూసి, "దుఃఖంలో అట్లాగే ఉంటది," అంది. దుఃఖమే అయితే ఎంత బాగుండేది. ఆయన కోసం ఏడుద్దామని కూర్చుంటే ఆయన మీద కోపం వస్తుంది. చెప్తే పడవ పాత ఇనుము కింద పోతుంది, ఆయన పేరు గంగలో కలుస్తుంది. చెప్పకపోతే అయాజ్. నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

నాకెందుకు చెప్పాడు అసలు? ఆ సిమెంటు సంగతి నాకు చెప్పకుండా ఉంటే హాయిగా ఉండేదాన్ని. సంతకం పెట్టినవాడు నోరు కూడా మూసుకుని ఉండాల్సింది.

ఆగస్టు 9, శనివారం

చెప్పేశాను.

జాహెదా ఫోను తీసుకుని దేవికని ఇంటికి పిలిచాను. ఆపా మధ్యాహ్నం జుహర్ నమాజుకి నిలబడ్డ సమయం చూసి వంటింట్లో కూర్చోబెట్టాను. నల్గొండ పక్క, వెనక నుంచి మూడో పలక, అరచెయ్యంత, సిమెంటు. ఒక్క గుక్కలో అన్నీ చెప్పాను. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే ఆ పిల్లే లేచి స్టవ్ ఆపింది.

"ఇది మీకెట్లా తెలుసు ఆంటీ?"

"ఆయన డైరీలో ఉంది."

"ఇంకేమన్నా రాశారా?"

"లేదు. కింద ఏదో ఉంది, కళ్లజోడు లేక చదవలేదు."

దేవిక అంది: ఎవరికీ చెప్పను, ముందు పని చేయిస్తాను. లోపల నుంచి రబ్బరు షీటు, దాని మీద ఇనుప రేకు పెట్టి, దుంగలు అడ్డం కొట్టి బిగిస్తే లాగే గంటసేపు గట్టిగా ఉంటుందట. జెట్టీకి చేరాక తీరిగ్గా కొత్త పలక వేయిస్తుందట. పడవ పాత ఇనుముకి పోదట!

ఇంత సులువని తెలిస్తే మొదటి రోజే చెప్పి ఉండేదాన్ని.

ఆగస్టు 12

దుంగలు బిగించారు. తారు పొర గోకితే ఉన్న సిమెంటు కూడా ఊడుతుందని భయపడి, గోకకుండానే చెప్పిన చోట బిగించారట. అయాజ్‌కి మాత్రం "ముందుజాగ్రత్త" అని చెప్పిందట దేవిక. మంచి పిల్ల.

గేట్లు మూశాక, నీళ్లు తగ్గకముందు లాగాలి. గేట్లు తెరిచి ఉంటే ప్రవాహం ఆనకట్ట వైపు లాగుతుంది. నీళ్లు తగ్గితే పడవ మళ్లీ బురదలో కూర్చుంటుంది. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ముహూర్తం. బ్యాండు కూడా పిలిచారు.

మూడు నెలల తర్వాత ఇవాళ గుత్తివంకాయ చేశాను. ఆపా రెండోసారి అడిగి వేయించుకుంది. రాత్రి కలల్లేకుండా నిద్రపోయాను.

ఆగస్టు 16, శనివారం

ఈ పేజీ జాహెదా ఫోను పక్కన పెట్టుకుని రాస్తున్నాను.

సాయంత్రం పున్నమ్మ వచ్చింది. రేవులో చేపలమ్మే పున్నమ్మ, ఆయనతో వదినా మరిదీ అని పరాచికాలాడేది. గడప అవతల బుట్ట దించి కూర్చుంది.

"రేపు పోతందంట గదా మీ సవతి," అంది చంద్రవంకని.

"పోనీ. ఇంక అక్కడ దానికెవరున్నారు?"

"ఎన్ని చూసిందది! ఆ పెద్దవరద ఏడు గుర్తుందా? తాళ్లు పుటుక్కున తెగి, పడవ గిర్రున తిరిగింది. అప్పటిదాకా మూతి ఆనకట్ట దిక్కుండేది. అప్పట్నించీ కొండ దిక్కే చూస్తంది. వరద తగ్గినాక తిప్పుతానన్నాడు మజీదు. తిప్పలా. ముసల్దానికి ఎటు చూస్తే ఏందిలే వదినా, అన్నాడు."

నవ్వుతూ చేపలు తూచింది. నేను కూడా నవ్వాను. చేపలు కడుగుతుండగా అర్థమైంది.

మూతి ఆనకట్ట వైపు ఉన్నప్పుడు నల్గొండ పక్క ఏదో, మూతి కొండ వైపు తిరిగాక అది మాచర్ల పక్క.

2009 డైరీ తీశాను. అక్టోబరులో ఉంది. "తాళ్లు తెగాయి. పడవ మూతి కొండ వైపు తిరిగింది. వరద తీశాక తిప్పాలి." సిమెంటు వేసింది 2006లో.

వాళ్లు దుంగలు బిగించింది బంగారంలాంటి పలకకి. బొక్క ఉన్నది అవతలి పక్క.

అయాజ్ ఇవాళ రాత్రి రేవులోనే పడుకుంటాడు. అక్కడ సిగ్నల్ లేదు. దేవిక ఫోను ఎత్తడం లేదు. జాహెదాతో పదకొండు సార్లు చేయించాను. మెసేజి పెట్టించాను, ఒకటే టిక్కు పడింది.

ఆపాకి చెప్పలేదు. ఏమని చెప్పను? ముందు చెప్పిందే తనకి తెలియదు.

ఆగస్టు 17, ఆదివారం

పొద్దున ఏడున్నరకి కూడా దేవిక ఎత్తలేదు. జాహెదా టిఫిను కోసం అట్లు పోస్తున్నాను. పెనం మీద అట్టు మాడిపోతోంది, నేను గడప వైపు చూస్తున్నాను. జాహెదాని పంపితే ఆ పలక ఏదో చూపించలేదు. ఇంకా తొమ్మిది రోజులు. ఆయనకి నేను చేయగల ఆఖరి పని ఈ ఇద్దత్ ఒక్కటే అనుకున్నాను ఇన్నాళ్లూ.

బురఖా వేసుకుని దాటేశాను.

ఆపా వెనక నుంచి అరిచింది. మా ఇంటి ఉర్దూలో అంది, తెలుగులో ఇలా వస్తుంది: "నా తమ్ముడు మట్టిలో ఆరకముందే బజారున పడతావా?" జవాబు చెప్పే టైము లేదు. ఆటో ఎక్కాక చూసుకుంటే చేతిలో అట్లకాడ అలాగే ఉంది.

పాత రేవులో బ్యాండు వాళ్లు టీ తాగుతున్నారు. లాంచీకీ చంద్రవంకకీ మోకు కట్టేశారు. చంద్రవంక మీద కొత్త రంగు, మామిడాకులు. అయాజ్ చుక్కాని దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి వాడి మొహం పాలిపోయింది, ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకున్నాడు. దేవిక పరిగెత్తుకొచ్చింది. చెప్పాను. పడవ లాగించే కాంట్రాక్టరు కూడా విన్నాడు.

"మొన్న ఆ పక్కన్నారు, ఇయ్యాల ఈ పక్కంటన్నారు. రేపు పైనంటారు. అమ్మా, మీరు దుఃఖంలో ఉన్నారు, ఇంటికి పోండి," అన్నాడు.

"దుఃఖంలో ఉన్నా దిక్కులు తెలుసు నాకు. పడవ తిరిగింది. పున్నమ్మని అడుగు," అన్నాను.

"చేపలావిడ మాట మీద దుంగలు ఊడపీకాలా? మధ్యాహ్నానికి నీళ్లు దిగుతయ్ మేడమ్."

దేవిక అతని వైపు చూసింది, నా వైపు చూసింది. నన్ను నమ్మాలని ఉంది, నమ్మే ధైర్యం లేదు. తప్పు తనది కాదు. మొదటి రోజు అబద్ధం చెప్పిందాన్ని, రెండోసారి తప్పు చెప్పిందాన్ని, మూడోసారి ఎవరు నమ్ముతారు?

బురఖా పైకి దోపుకుని చంద్రవంక ఎక్కాను. ముప్పై రెండేళ్లలో నేను దాన్నెక్కడం రెండోసారి. ఇనుప నిచ్చెన మీద అడుగు అరలోకి దిగాను. వెనక దేవిక టార్చి పట్టుకుని దిగింది. లోపల తారు కంపు, ఆయన చొక్కాల వాసన.

వెనక నుంచి ఒకటి, రెండు, మూడు. మాచర్ల పక్క. అట్లకాడతో కొట్టాను. కుండలు కొనేటప్పుడు కొట్టి చూడమా, అలాగే. మొదటి పలక ఖంగుమంది. రెండోది ఖంగుమంది. మూడోదాని మధ్యలో దబ్బుమంది.

మళ్లీ కొట్టాను. దబ్బు. ఈసారి నల్గొండ పక్క, దుంగల పక్కన పలక కనపడే చోట దేవికని కొట్టమన్నాను. అది గుడిగంటలా మోగింది. పైనున్న కాంట్రాక్టరుకి కూడా వినపడి ఉంటుంది, వంగి తొంగి చూశాడు.

దబ్బుమన్న చోట చెయ్యి పెట్టాను. తారు కింద గుంటలు తగిలాయి. తాపీ లేక చేత్తోనే అదిమినట్టున్నాడు. మూడు నిండు వేళ్లు, ఒక బొటనవేలు, ఒక సగం వేలు. నా వేళ్లు వాటిలో పెట్టి నిలబడిపోయాను. ఏప్రిల్ నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. దేవిక టార్చి పక్కకి తిప్పింది. పాపం, చీకట్లో ఏడవనిచ్చింది.

చెయ్యి తీస్తే తడిగా ఉంది.

దుంగలు మార్చి బిగించేసరికి పదకొండున్నర. నేను గట్టు మీద పున్నమ్మ గోనెపట్టా మీద కూర్చున్నాను. పడవ కదిలింది. అంత పెద్దది, చప్పుడు లేకుండా కదిలింది. కొండ మలుపు తిరిగేదాకా అయాజ్ ఎర్ర చొక్కానే చూస్తున్నాను.

ఒంటిగంటకి చేరారు. సగం దూరంలో కింద టప్పుమని చప్పుడైందట. సిమెంటు నిలువునా పగిలిందట. రబ్బరు షీటు, దుంగలు ఆపాయట. ఆరేడు బకెట్ల కంటే ఎక్కువ రాలేదట. కాంట్రాక్టరు చెప్పాడట అయాజ్‌కి: "ఆ దుంగలు అవతలే ఉంటే మనం నలుగురం ఇవతల ఉండేవాళ్లం కాదు."

ఆగస్టు 18

ఆపా మాట్లాడటం లేదు. మాచర్ల మౌల్వీ గారిని ఫోనులో అడిగింది. ప్రాణాల కోసం దాటితే ఇద్దత్ చెడదన్నారట. ఆ మాట నాకు చెప్పకుండా గోడకి చెప్పింది.

ఆగస్టు 20, బుధవారం

అనుకున్నంతా అయింది. పగిలిన సిమెంటుని అందరూ చూశారు. పంతొమ్మిది కాగితాలు పైకి తీశారు. "బాగుంది", "బాగుంది", "బాగుంది". ఇత్తడి పలక తయారై వచ్చింది గానీ పెట్టడం లేదట. కాలనీలో ఒకరిద్దరు దొంగ సంతకాల సాయిబు అన్నారని జాహెదా ఏడ్చింది. అయాజ్ ఎవరి చొక్కానో పట్టుకున్నాడట.

ఆయన మీద నాకు కోపం తగ్గలేదు. సంతకం ఆయనది.

దేవిక వచ్చింది. ఈసారి టీ తాగలేదు.

"ఆంటీ, రిపోర్టు నేనే రాయాలి. ఆయన ఒక్కసారన్నా పైవాళ్లకి చెప్పాలనుకున్నారని ఎక్కడన్నా ఉంటే చెప్పండి. ఒక్క ముక్క చాలు. పేరు ఉంచమని నేను పోట్లాడతా. ఆ 2006 డైరీ ఒకసారి చూపిస్తారా?"

"కనపడటం లేదమ్మా. పెట్టె సర్దేటప్పుడు ఎక్కడో పడింది," అన్నాను.

పెట్టె మీదే కూర్చుని అన్నాను.

ఆగస్టు 22

ఇంకు చెదరలేదు.

కళ్లజోడు నా మెడలోనే ఉంది.

ఆగస్టు 23

అప్పుడు జాహెదాకి తొమ్మిదేళ్లు. ఆయన కాంట్రాక్టు మీద ఉన్నాడు. పడవ పనికిరాదంటే మెకానిక్‌ కూడా పనికిరాడు, క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఎవరైనా అదే అంటారు కదా. నా చోట ఎవరున్నా అదే అంటారు. ఒక్క ఏడాదికే అన్నాను. పంతొమ్మిదేళ్లకి అన్లేదు.

మిగతా పద్దెనిమిది సార్లు నేనేమీ అనలేదు. కాగితం వచ్చిన రోజు ఆయన అన్నం సగంలో వదిలేసి లేచేవాడు. నేను చూసి గిన్నెలు సర్దుకునేదాన్ని.

ఆగస్టు 26, మంగళవారం

ఇవాళ్టితో ఇద్దత్ అయిపోయింది. పొద్దున్నే ఆపా నీళ్లు కాచి పెట్టింది, కొత్త చీర తెచ్చి మంచం మీద పెట్టింది. తొమ్మిది రోజుల తర్వాత మొదటి మాట: "తానం చెయ్యి."

తల తుడుచుకుని వచ్చి పెట్టె తెరిచాను. 2006 తీశాను. ఆపా చూస్తోంది.

"ఏందది? ఏం రాశాడు మా తమ్ముడు?"

అడిగింది ఇంకెవరైనా అయితే వాళ్ల చేతికే ఇచ్చి నేను పక్క గదిలోకి పోయేదాన్ని. ఆపాకి తెలుగు రాదు. నేనే చదివి, నేనే మా మాటలో చెప్పాలి. జాహెదా కూడా వంటింటి తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. చదివాను.

"నల్గొండ పక్క, వెనక నుంచి మూడో పలక. అరచెయ్యంత బొక్క. లోపల నుంచి సిమెంటు వేశాను, పైన తారు పూశాను. రేపు ఆఫీసులో చెప్పేస్తానంటే నజీమా వద్దని ఏడ్చింది. సంతకం పెట్టమంది. పెడతానని మాటిచ్చాను."

జాహెదా తల ఎత్తలేదు. ఆపా తస్బీ పూసలు తిప్పింది.

"నా మాట ఒక్కనాడు విన్లేదు వాడు," అంది చివరికి. "నీ మాట పంతొమ్మిదేళ్లు విన్నాడా?"

తిట్టిందో, ఏడ్చిందో తెలియలేదు. ఇప్పటికీ తెలియడం లేదు. కాసేపటికి లేచి, నా తలలో తడి ఇంకా ఉందని తువ్వాలు తెచ్చి గట్టిగా తుడిచింది, నొప్పి పుట్టేటట్టు.

"ఎండెక్కక ముందే పోయి ఆ ఇంజనీరు పిల్లకిచ్చిరా," అంది.

దేవిక కొత్త జెట్టీ దగ్గర ఉంటానంది. ఆటో బయట నిలబడి హారన్ కొడుతోంది. వెళ్లేముందు ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

2006 డైరీ మూసేముందు ఆయన ఆఖరి లైను కింద ఖాళీ ఉంటే, ఇవాళ్టి తారీకు వేసి, నజీమా అని సంతకం పెట్టాను.